మా కాలనీ రోడ్డు మీద ఆరంగుళాల గట్టు

వరంగల్ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి వరకు తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ వంతెన ఏళ్ల తరబడి స్తంభాల దశలోనే ఉండిపోవడంతో, కింద మిగిలిన ఇరుకు దారిలోని గుంతలనూ దుమ్మునూ తప్పించుకోవాలనుకున్న వాహనాలు రహదారికి అటూ ఇటూ ఉన్న కాలనీల్లోకి మళ్లాయి. అలా మళ్లిన దారుల్లో మా కాలనీలోని ముప్పై అడుగుల రోడ్డు ఒకటి. ఆ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఉండాలా వద్దా అన్న తగాదా మా మధ్య ఏడాదికి పైగా నడుస్తోంది. ఇందులో నేనూ ఒక పక్షం వాడినే కాబట్టి తటస్థుడినని చెప్పుకోను. వేగం తగ్గి తీరాలి, కానీ ఇప్పుడున్న గట్లు ఇలాగే ఉండకూడదు అన్నది నా వాదన. ఇలా అన్నందుకు రెండు వర్గాల వారికీ నా మీద కోపమే.

మా రోడ్డు మీద ఈ వేగం మొదటి నుంచీ ఉన్నది కాదు. సీసీ రోడ్డు పడక ముందు మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కంటే జానెడు పైకి లేచి ఉండేవి, నీళ్ల ట్యాంకర్ల చక్రాల కింద నలిగిన మట్టి వానాకాలమంతా బురదగా, ఎండాకాలమంతా గట్టి గాళ్లుగా ఉండేది. స్కూటరైనా, కారైనా రెండో గేరు దాటి పోవడానికి వీలుండేది కాదు. రోడ్డు వేయమని కాలనీ అంతా సంతకాలు చేసి ఇచ్చిన వినతిపత్రంలో కాంక్రీటు మందం గురించి ఉంది, వాననీరు పోయే వాలు గురించి ఉంది, మోరీ మూతల గురించి కూడా ఉంది. ఈ రోడ్డు మీద బండ్లు ఏ వేగంతో పోవాలన్న విషయం మాత్రం లేదు. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, తడి గోనెసంచులు తీసేసిన వారం లోపే ఆటోల శబ్దం మారిపోయింది. తిన్నగా, వెడల్పుగా, నున్నగా ఉన్న రోడ్డు దొరికితే నడిపేవాడి కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. పక్కన ‘నెమ్మదిగా వెళ్లండి’ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ బరువు దిగదు.

బడులు తెరిచిన కొద్ది రోజులకు, ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తున్న ఏడో తరగతి పిల్లవాణ్ని పార్కు మలుపు దగ్గర ఒక బైకు గుద్దింది. పిల్లవాడి చెయ్యి విరిగింది, బైకు నడిపిన కుర్రాడికి మోకాళ్లు చీరుకుపోయాయి. ఆ రోజుల్లో పక్క వీధిలో కాంక్రీటు పని జరుగుతోంది. మర్నాడు తెల్లవారేసరికి మలుపుకు ఇవతల రోడ్డుకు అడ్డంగా ఒక గట్టు వెలసింది. మిగిలిపోయిన కాంక్రీటును రాత్రికి రాత్రే పోయించినట్టు చూడగానే తెలుస్తోంది, కానీ ఎవరు పోయించారని అడిగితే అందరూ అందరి వైపూ చూశారు. నిజం చెప్పాలంటే ఆ వారం దాన్ని తప్పుపట్టిన వారు ఎవరూ లేరు. ఆ ధైర్యంతోనే కావచ్చు, దసరా లోపల మరో రెండు గట్లు, ఒకటి కిరాణా కొట్టు దగ్గర, ఒకటి వాటర్ ట్యాంకు దగ్గర, అదే పద్ధతిలో లేచాయి.

ఆ మొదటి గట్టును దగ్గరగా చూస్తే తగాదా అంతా అందులోనే కనిపిస్తుంది. నడిమధ్యన తాపీ గీతలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మీద కార్ల అడుగుభాగం గీసుకుపోయిన నల్లటి చారలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాలు తెలియక పోసినందువల్ల పైవైపు వాననీరు నిలిచి, అక్కడి సీసీ అంచు పెళుసెక్కి కంకర లేచింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఎడమ అంచున ఉన్న సందు. మోరీలోకి నీళ్లు పోవడానికని పోసినవారు అక్కడ రెండు జానల జాగా వదిలేశారు. గట్టు ఎక్కడం ఇష్టం లేని ప్రతి బైకూ ఆ సందులో నుంచే దూరుతుంది. ఫుట్‌పాత్ లేని మా రోడ్డు మీద మనుషులు నడిచేది కూడా ఆ అంచునే. అంటే పిల్లల్ని కాపాడడానికి వేసిన గట్టు, బైకులను రోడ్డు మధ్య నుంచి తీసి నేరుగా నడిచే వాళ్ల మీదికి మళ్లించింది. సాయంత్రం పాల ప్యాకెట్లకు వెళ్లే పెద్దవాళ్లు ఆ చోటికి రాగానే ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూసుకోవడం ఇప్పుడు అలవాటైపోయింది.

మేస్త్రీ దగ్గర అల్యూమినియం పట్టీ, టేపు అడిగి తీసుకుని ఒక ఆదివారం పొద్దున్నే ఆ గట్టును కొలిచాను. మధ్యలో ఎత్తు ఆరంగుళాలకు కాస్త తక్కువ, వెడల్పు రెండు అడుగులు. చిన్న రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాన్ని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99 పేరుతో ప్రకటించింది, 2018లో దాన్ని సవరించి విస్తరించింది. 1988 నాటి ప్రమాణం ప్రకారం సాధారణ వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటేందుకు గట్టు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే నాలుగంగుళాలు ఎక్కడానికీ దిగడానికీ కలిపి పన్నెండు అడుగులు. మాది రెండు అడుగుల్లోనే దాదాపు ఆరంగుళాలు ఎక్కి దిగేస్తుంది. ప్రమాణం ప్రకారం గట్టుకు 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి, నలుపు తెలుపు పట్టీలు ఉండాలి. మా దగ్గర బతుకమ్మకు ముందు ఎవరో సున్నంతో చారలు గీశారు గానీ, అవి ఒక్క వానకు కొట్టుకుపోయాయి.

ఈ పన్నెండు అడుగుల లెక్క ఏదో కాగితం మీద ఊహించి రాసింది కాదు. బ్రిటన్‌లో రవాణా, రహదారుల పరిశోధన సంస్థలో వాట్స్ అనే పరిశోధకుడు 1970లలో రకరకాల కొలతల గట్లు కట్టి, వాటి మీద వాహనాలు నడిపించి చూసి ఈ ఆకారానికి వచ్చాడు. గట్టు మరీ సన్నగా ఉంటే వేగంగా వచ్చే బండి చక్రం ఒక్క క్షణంలో ఎగిరి దిగిపోతుంది, ఆ దెబ్బను షాక్ అబ్జార్బర్లు మింగేస్తాయి, లోపల ఉన్నవాడికి పెద్దగా తెలియదు. అదే గట్టును నెమ్మదిగా దాటితే బండి మొత్తం ఎక్కి, మొత్తం దిగి, వెన్నుపూస దాకా కుదుపు వస్తుంది. గట్టు వెడల్పుగా ఉంటే సంగతి తిరగబడుతుంది. నెమ్మదిగా పోయేవారికి అది ఊయల ఊపంత, వేగంగా పోయేవారికి ఇబ్బంది. మా గట్టును కుర్రాళ్లు వేగం తగ్గించకుండా దాటుతున్నారనీ, ముసలివాళ్లు మాత్రం నడుములు పట్టుకుంటున్నారనీ రెండు వర్గాలూ చేసే ఫిర్యాదు ఒకటే. దానికి కారణం కుర్రాళ్ల పొగరు ఒక్కటే కాదు, గట్టు వెడల్పు కూడా.

దసరా తర్వాత కొడుకు స్కూటర్ వెనక కూర్చుని వస్తున్న ఒక పెద్దావిడ ఆ గట్టు దగ్గర కింద పడ్డారు. వీధి దీపం వెలగని రాత్రి. చారలు లేవు, బోర్డు లేదు. ఆవిడ చాలా వారాలు మంచం మీదే ఉన్నారు. అప్పటికి గానీ సంక్షేమ సంఘం సమావేశం పెట్టలేదు. కమ్యూనిటీ హాలులో ప్లాస్టిక్ కుర్చీలు చాలక చాలామంది గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కాలనీ ఏర్పడినప్పటి నుంచీ ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు లేచి, “పిల్లవాడి చెయ్యి విరిగినప్పుడు మీరెవ్వరూ మీటింగు పెట్టలేదు. గట్టు పడ్డాకే ఆ మలుపులో ఇంకో పిల్లవాడికి దెబ్బ తగల్లేదు” అన్నారు. ఆవిడ కొడుకు గొంతు పెంచకుండానే, “మా అమ్మ పడ్డది ఎవరి లెక్కల రాస్తరు సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు హాలులో కాసేపు ఎవరూ జవాబు చెప్పలేదు. నెల కిందటే కాన్పైన ఒక కోడలు, నొప్పులు మొదలైన రాత్రి భర్త ప్రతి గట్టు దగ్గరా కారు ఆపి, తనను దింపి, నాలుగడుగులు నడిపించి మళ్లీ ఎక్కించిన సంగతి చెప్పింది. మూడు గట్లకు మూడుసార్లు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ ఆటో డ్రైవరు మాట. ఆయన మా వెనక వీధిలో అద్దెకు ఉంటాడు. సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానులకే కాబట్టి లోపలికి వచ్చి కూర్చోలేదు. “మీరు కార్లల్ల పోతరు సార్, మీకు కుదుపు తెల్వది. నేను దినాం ఎన్నిసార్లు ఎక్కుతనో, ఎన్నిసార్లు దిగుతనో నాకే యాదికుండది. పిల్లల పానం ముఖ్యమే, కాదంటలేను. నా నడుము సంగతి గూడ ఎవరన్న అడగాలె గద?” అన్నాడు. రోడ్డు గురించి తీర్మానం చేసేవారు వేరు, రోజంతా ఆ రోడ్డు మీద బతికేవారు వేరు అన్న సంగతి ఆయన మాటతో బయటపడింది. ఆ తర్వాత ప్రెసిడెంట్ గారు ఆయనకు కుర్చీ వేయించారు. సభ్యత్వం నిబంధన మాత్రం మారలేదు.

వేగం తగ్గించాలన్న విషయంలో నిజానికి పేచీ లేదు. గట్టు ఎవరి గేటు ముందు ఉండాలన్న దగ్గరే పేచీ అంతా. రాత్రి పూట లారీ గట్టు దిగినప్పుడు వెనక డాలా చేసే చప్పుడు, ప్రతి బండీ బ్రేకు వేసి మళ్లీ లాగినప్పుడు వచ్చే పొగ, అలవాటుగా కొట్టే హారను, ఇవన్నీ గట్టు ఎదుటి ఇంటివారికే వాటా. కాబట్టి ‘తప్పకుండా ఉండాలి, అయితే కాస్త ముందుకు జరపండి’ అన్న మాట సమావేశంలో చాలా నోళ్ల నుంచి వచ్చింది. బయటి బండ్ల వల్లే ఈ బాధంతా అని అందరూ అనుకున్నారు కూడా. ఒక అపార్ట్‌మెంటు కమిటీ వారు తమ గేటు సీసీ కెమెరా దృశ్యాలు పెద్ద టీవీ మీద వేసి చూపించడంతో ఆ నమ్మకం కూడా సడలింది. అడ్డదారి కోసం వచ్చే బండ్లు ఎక్కువగా పొద్దున, సాయంత్రం రద్దీలో వస్తున్నాయి. ఆ సమయంలో రోడ్డు నిండి ఉంటుంది కాబట్టి వాటికి వేగం అందడం లేదు. మధ్యాహ్నం, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీ రోడ్డు మీద దూసుకుపోతున్న బండ్లలో మన కుర్రాళ్లవీ, మన ఇళ్లకు భోజనం తెచ్చే డెలివరీ అబ్బాయిలవీ ఎక్కువగా కనిపించాయి. తెర మీద తమ కొడుకు బండి నంబరు గుర్తుపట్టిన ఒకాయన, కెమెరా కోణం సరిగ్గా లేదని వాదించారు.

చట్టం ఏం చెబుతుందన్నది కూడా చర్చకు వచ్చింది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిళ్లకు 60. ప్రమాదకరమైన చోట్ల అంతకంటే తక్కువ పరిమితి విధించే అధికారం మోటారు వాహనాల చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. కానీ అలాంటి పరిమితిని చెప్పే బోర్డు మా వీధిలో ఒక్కటీ లేదు. ఇక గట్టు వేసే అధికారం కాలనీ సంఘానికి లేనే లేదు. రోడ్డు మునిసిపాలిటీది. రోడ్డు నిర్మాణంలో భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే బాధ్యులైన అధికారులకూ, కాంట్రాక్టర్లకూ లక్ష రూపాయల దాకా జరిమానా విధించే 198ఏ సెక్షన్‌ను 2019లో చట్టంలో చేర్చారని కాలనీలోని ఒక వకీలు గారు వివరించారు. రాత్రికి రాత్రే కాంక్రీటు పోసినవారిని ఏ సెక్షన్ కింద పట్టుకోవాలని వెనక నుంచి ఎవరో అడిగితే హాలంతా నవ్వింది. నవ్వి వదిలేసే విషయం మాత్రం కాదది. కేంద్ర రవాణా శాఖ 2015 నివేదిక లెక్కల్లో స్పీడ్ బ్రేకర్ల దగ్గర జరిగిన ప్రమాదాల్లో ఆ ఒక్క ఏడాదిలో దేశమంతటా మూడు వేల మందికి పైగా చనిపోయారు.

ఇలాంటి తగాదా మాకే పరిమితం కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో నివాస వీధులను చెట్లతో, వంపులతో, ఆట స్థలాలతో మార్చి కార్లు మనిషి నడకతో సమానంగా పోయేలా చేసే పద్ధతి మొదలై, 1976లో చట్టపరమైన గుర్తింపు పొందింది. మరోవైపు వేల్స్ ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17 నుంచి ఇళ్లున్న వీధుల్లో వేగ పరిమితిని 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు తగ్గిస్తే, దాన్ని రద్దు చేయమన్న విన్నపం మీద నాలుగున్నర లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. కొన్ని రోడ్ల మీద పాత పరిమితిని తిరిగి పెట్టుకునే వీలు స్థానిక సంస్థలకు ఇవ్వక తప్పలేదు. అక్కడ గట్టు కూడా లేదు, కేవలం బోర్డు మీది అంకె మారినందుకే అంత రభస.

సమావేశం తర్వాత మా విన్నపం మీద మునిసిపాలిటీ ఇంజనీరు గారు వచ్చి రోడ్డంతా నడిచి చూశారు. గట్లకు అనుమతి లేదు కాబట్టి తీసేయాల్సిందే అన్నది ఆయన మొదటి మాట. దాంతో ఆగిపోకుండా, పార్కు గేటు ఎదుట రోడ్డు మొత్తం వెడల్పునా చదునుగా ఎత్తు చేసి, రెండు వైపులా నెమ్మదైన వాలుతో, పైన జీబ్రా గీతలు వేస్తే బండి నెమ్మదిస్తుందనీ, దాటే మనిషి డ్రైవరు కంటికి ఎత్తులో కనబడతాడనీ చెప్పారు. మోరీ వైపు నీళ్లు పోవడానికి అడుగున పైపు వేస్తే అంచున సందు వదలాల్సిన పని కూడా ఉండదు. నాకు అంతకంటే నచ్చింది మలుపు గురించి ఆయన చెప్పిన మాట. మా పార్కు మూల ఎంత గుండ్రంగా, ఎంత విశాలంగా ఉందంటే బైకు వాడు బ్రేకు ముట్టకుండా ఒరిగి తిరిగిపోగలడు. ఆ మూలను రాతి కట్టుతో ముందుకు తెచ్చి ఇరుకు చేస్తే తిరగాలంటే నెమ్మదించక తప్పదు. దానికి కుదుపు లేదు, చప్పుడు లేదు, నడుము నొప్పి లేదు.

ఎంత నెమ్మదిస్తే చాలు అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒక లెక్క ఇక్కడ పెడుతున్నాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, పిల్లవాడు కనబడ్డాక తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో అయితే దాదాపు 28 మీటర్లు కావాలి. అందులో తొలి 14 మీటర్లు బ్రేకు మీద కాలు పడక ముందే గడిచిపోతాయి. పార్కు గేటుకూ మలుపుకూ మధ్య దూరం నా టేపుతో 20 మీటర్లు. మలుపు తిరిగి 30తో వచ్చినవాడు గేటు ముందు ఆగగలడు, 50తో వచ్చినవాడికి పిల్లవాడు కనబడ్డా ప్రయోజనం లేదు. ‘మా పిల్లలు జాగ్రత్తగానే నడుపుతారు’ అన్నవారికి నా జవాబు ఈ లెక్కే.

ప్రస్తుతానికి కిరాణా కొట్టు దగ్గరిదీ, వాటర్ ట్యాంకు దగ్గరిదీ బ్రేకర్ మిషన్‌తో పగలగొట్టించారు. తీసిన చోట గరుకు మచ్చలు మిగిలాయి గానీ కారు అడుగు తగలడం లేదు. పార్కు దగ్గరి మొదటి గట్టు ఇంకా ఉంది. జీబ్రా గీతల ఎత్తు గచ్చుకు నిధులు రావాలి. మూల ఇరుకు చేస్తే సరుకు దింపే డీసీఎం వ్యాను తిరగలేదని కిరాణా ఆయన అభ్యంతరం. నీళ్ల ట్యాంకరు సంగతేమిటని ఆ మూల ఇళ్లవారి భయం. వాదించుకునే బదులు కొత్త కట్టు రావాల్సిన గీత వెంట ఇసుక బస్తాలు పేర్చి ఒక నెల చూద్దాం, వ్యాను, ట్యాంకరు, బడి బస్సు మూడూ తిరగగలిగితేనే రాయి వేద్దాం అని నేను రాసి ఇచ్చాను. దీనికి ప్రెసిడెంట్ గారు ఒప్పుకున్నారు, కిరాణా ఆయన సగం ఒప్పుకున్నారు.

మిగిలిన పేచీ ఏది ముందు, ఏది తర్వాత అన్నదే. కొత్తది కట్టేదాకా పాత గట్టు ముట్టుకోవద్దని హెడ్మాస్టర్ గారు, పాతది తీసేదాకా దేని మీదా సంతకం పెట్టనని ఆ పెద్దావిడ కొడుకు. నా ఓటు హెడ్మాస్టర్ గారి వైపే, అయితే ఒక షరతు మీద. ఈలోగా ఆ గట్టు నడినెత్తిని రెండంగుళాలు చెక్కి, రెండు వైపులా వాలు పెంచి పన్నెండు అడుగులు చేయాలి, అంచు సందు మూయాలి, నీటికి పైపు వేయాలి, రేడియం స్టడ్లు బిగించి బోర్డు పాతాలి. దానికయ్యే ఖర్చు మేస్త్రీ చేత అంచనా వేయించాను. మేము వినాయక చవితి మండపానికి పెట్టే దానిలో సగం కూడా కాలేదు. ఆ కాగితం ఇంజనీరు గారి అనుమతి కోసం వెళ్లింది. అనుమతి రాకుండా ఈసారి ఎవరూ కాంక్రీటు కలపకూడదని సంఘం రిజిస్టరులో రాయించాం.